తెలుగు సంతకం ఉన్న డబ్బా

మేస్త్రి చచ్చిపోయాడని మా సూరత్ తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో పొద్దున్నే ఫోటో పెట్టారు. ఫోటో కింద ఒకటే దండాలు, పూలు, దీపాలు. "మనోళ్ల ఇండ్లల్ల వెలుగు నింపిన మనిషి" అని ఒకాయన రాశాడు. "ఆయన చెయ్యి వడ్డ డబ్బా అంటె ఇగ సూసుకునే పనే లేకుండె" అని ఇంకొకాయన. నేను ఫోన్ బోర్లా పెట్టేసి రొట్టెలు కాల్చుకున్నాను. రెండు మాడిపోయాయి.

చచ్చినవాళ్లను తిట్టకూడదని అందరూ చెబుతారు. ఎందుకు తిట్టకూడదో మాత్రం ఒక్కరూ చెప్పరు. ఆయన సంతకాన్ని నమ్మి, నా మొగుడు ఊపిరాడక పోయాడు. కాబట్టి నేను తిడతాను. వినలేనివాళ్లు ఆ గ్రూపులోకి వెళ్లి పూలు పెట్టుకోవచ్చు.

సూరత్‌లో పాండేసరా అనే పేటలో, మగ్గాల కార్ఖానాల వెనక ఒక రేకుల షెడ్డు. కరెంటు పోయినప్పుడు నాలుగు బల్బులు, రెండు ఫ్యాన్లు నడిపే డబ్బాలు అందులో తయారు చేసేవాళ్లం. ఇనుప డబ్బా, దాని లోపల వరసగా లిథియం సెల్లులు, పక్కన ఇన్వర్టరు. పెద్ద కంపెనీ సరుకు కొనలేనివాళ్ల కోసం చవక సరుకన్నమాట. సేటు గుజరాతీ. పనిచేసేది ఎనిమిది మంది ఆడవాళ్లం. అందులో అయిదుగురం కరీంనగర్, జగిత్యాల వైపు నుంచి మొగుళ్ల వెంట వచ్చినవాళ్లమే. మొగుళ్లు మగ్గాల మీద, మేం సెల్లుల మీద. తయారైన ప్రతి డబ్బానూ పాస్ చేసేదీ ఫెయిల్ చేసేదీ మేస్త్రి. ఆయనా మా వైపు మనిషే.

అరవై దాటినా వంగని బక్క మనిషి. కుడిచేతి బొటనవేలి గోరు ఒక్కటి పెంచేవాడు, మిగతా తొమ్మిదీ చర్మం దాకా కత్తిరించేవాడు. ఆ ఒక్క గోరే ఆయన పనిముట్టు. ఢిల్లీ నుంచి కొత్తవని వచ్చే సెల్లుల్లో సగం పాతవి ఉండేవి. ఎక్కడో ఈ-రిక్షా బ్యాటరీలోంచి పీకి, పాత అతుకుల గుర్తులు అరగదీసి, పైన కొత్త ప్లాస్టిక్ తొడుగు వేసి పంపేవాళ్లు. చూడ్డానికి పెళ్లికూతుళ్లలా మెరిసేవి. ఈయన వాటిని తలకిందులు చేసి, గోరుతో తొడుగు అంచు లేపి, అడుగుభాగం మీద గోరు ఆనించి గీసేవాడు. గరుకు తగిలిందా, అంతే, సెల్లు వెళ్లి మూలన పడేది. "మొఖం ఎవడన్న కడుగుతడే. కాళ్లు సూడు, కాళ్లు" అనేవాడు. నేను చేరిన మొదటి వారం ఆ మాట వెయ్యిసార్లు విని ఉంటాను.

ఇంకొకటి, వాసన చూడటం. లీకయ్యే సెల్లు ఒక రకమైన తియ్యటి వాసన వేస్తుంది, గోళ్ల రంగు సీసా మూత తీసినట్టు. కరోనా రోజుల్లో ఊరంతా రెండేసి మాస్కులు కట్టుకుని తిరుగుతుంటే, ఈయన మాత్రం మాస్కు గడ్డం కిందికి లాగి, ప్రతి డబ్బాలోనూ ముక్కు దూర్చేవాడు. వాసన చూసి మాస్కు పైకి లాక్కుని, మా మొహాలు చూసి మళ్లీ కిందికి లాగి తిట్టేవాడు. తిట్టడానికి మాస్కు అడ్డం కదా.

బాగుంది అనే మాట ఆయన నోట నేను వినలేదు. ఎంత బాగా చేసినా "నడుస్తది". అదే ఆయన దగ్గర పెద్ద బిరుదు. నచ్చకపోతే మాత్రం అబ్బో, అప్పుడు చూడాలి. డబ్బా ఎత్తుకొచ్చి చేసినామె ముందు ధనామని పెట్టి, అందరినీ పని ఆపమని, ఆమె చేత్తోనే ఆమె పని విప్పించేవాడు. సెల్లుల మీద నికెల్ పట్టీని మిషన్‌తో చుక్కలు చుక్కలుగా అతికిస్తాం. కాలితో పెడల్ నొక్కితే చుక్క పడుతుంది. ఆ పట్టీని పకారుతో పట్టి పీకితే, చుక్క దగ్గర చిల్లి పడి చిరగాలి. చిరిగితే అతుకు గట్టిదన్నట్టు. శుభ్రంగా ఊడొచ్చిందంటే అది అతుకే కాదు. అప్పుడు ఆయన ఆ పట్టీని మా మొహాల ముందు ఆడిస్తూ, "గిది వెల్డింగు గాదు, ముద్దు" అనేవాడు. "ఇంట్ల మొగనికి పెట్టుకోపో, నా సెల్లుకు గాదు." కూతురి వయసు ఆడవాళ్లతో! మేం తలలు వంచుకుని నవ్వు రాకపోయినా నవ్వేవాళ్లం. ఇప్పుడు తలుచుకుంటే ఆ నవ్వినందుకే ఎక్కువ ఒళ్లు మండుతుంది.

నాది ఎడమచేతి వాటం. పట్టీని ఎడమచేత్తో పడతాను. అందుకని నా చుక్కల జత కాస్త ఎడమకు వాలి పడుతుంది. ఆయన అది మొదటి రోజే కనిపెట్టి నాకు 'లెఫ్టు' అని పేరు పెట్టాడు. ఇంటర్ దాకా చదివానని, నాకూ ఒక పేరుందని ఆ షెడ్డులో అందరూ మరిచిపోయారు. "ఏ లెఫ్టూ, సక్కగ కూసో." "ఏ లెఫ్టూ, గా పకార్ ఇటు దే." కుడిచేత్తో పట్టుకోమని ఇనుప స్కేలుతో ఎడమ మణికట్టు మీద కొట్టేవాడు. మూడు నెలలు కొట్టి, నా చుక్కలు ఊడటం లేదని తెలుసుకున్నాక కొట్టడం మానాడు. మెచ్చుకోలేదు, మానాడంతే.

ఆయనకు పని రాకపోతే నాకింత కోపం ఉండేది కాదు. పని రానివాళ్లు లోకంలో కొల్లలు. చవక బ్యాటరీ ఎక్కడ దొంగదో, ఎక్కడ దొరదో ఆ మనిషికి తెలిసినట్టు సూరత్‌లో ఇంకెవరికీ తెలియదేమో. సెల్లుకు సెల్లుకు మధ్య కాగితం చుట్టలు లేకపోతే ఎప్పుడు అంటుకుంటుందో చెప్పేవాడు. ఛార్జి పెట్టిన సెల్లుల్ని ఒక రాత్రి పండబెట్టి, మర్నాడు పొద్దున మీటరు పెట్టి, నిద్రలోనే నీరసపడ్డవాటిని ఏరేసేవాడు. నాకు తెలిసిందంతా ఆయన దగ్గర నేర్చుకున్నదే. ఆ మాట ఒప్పుకోవడానికి నాకు నోరు చేదుగా ఉంటుంది, కానీ నిజం.

పాసైన డబ్బా మూత బిగించాక, స్క్రూ మీద అడ్డంగా ఒక ఎర్ర కాగితం ముక్క అంటించి, దాని మీద తెలుగులో సంతకం పెట్టేవాడు. ఆయనకు వేరే లిపి రాదు. దాంతో ఏమైందో చూడండి. పాండేసరాలో, వడోద్‌లో, ఉధనాలో మనవాళ్లకు డబ్బా మీది గుజరాతీ అక్షరాలూ ఇంగ్లీషు అంకెలూ ఎక్కేవి కావు. దుకాణానికి పోయి, "తెలుగు సంతకం ఉన్న డబ్బా ఇయ్యి భాయ్" అని అడిగేవాళ్లు. పరాయి ఊళ్లో మన అక్షరం కనిపిస్తే చాలు, మనవాళ్లకు ప్రాణం లేచి వస్తుంది. లోపల ఏముందని ఎవరూ అడగరు. ఎర్ర కాగితం చింపితే గ్యారంటీ పోతుంది. షెడ్డులో మాలో ఎవరైనా చింపితే పనే పోతుంది. వరంగల్ ఆమె ఒకతి, తాను కొనుక్కున్న డబ్బా ఇంట్లో విప్పి చూసుకుందని తెలిసి, మధ్యాహ్నం అన్నం ముందునుంచి లేపి పంపేశాడు. "నా సంతకం మీద నీకు నమ్మకం లేదంటె నా షెడ్డుల నీకేం పని?" అన్నాడు. అన్నం గిన్నె కూడా మూసుకోనివ్వలేదు.

పాలరాయి సంగతీ చెప్పాలి. మొదట్లో మా డబ్బాలు చాలా తిరిగొచ్చేవి, పాడై కాదు, తేలిగ్గా ఉన్నాయని! పాత సీసం బ్యాటరీల అలవాటు కదా, మోయడానికి ఇద్దరు మనుషులు పట్టాలి. ఈ లిథియం డబ్బాను ఒంటిచేత్తో ఎత్తగానే మనవాళ్ల మొహం మాడేది. "గింత అల్కగుంది, లోపల ఏం లేదు" అని తిప్పి పంపేవాళ్లు. బట్టల బేలు పైకెత్తి బరువు చూసి సరుకుకు ధర కట్టే ఊరు ఇది. తూకం లేని సరుకు ఎవడిక్కావాలి? సేటు టైల్స్ దుకాణం నుంచి పాలరాయి ముక్కలు తెప్పించి, డబ్బా అడుగున పెట్టమన్నాడు. మేస్త్రి మూడు రోజులు సేటుతో మాట్లాడలేదు. ఆ మూడు రోజులూ ఆయన మీద నాకు గౌరవం కలిగిందని చెప్పడానికి సిగ్గుగా ఉంది. నాలుగో రోజు వచ్చి, "రాయి ఊగితె సప్పుడొస్తది, గిట్ల పెట్టున్రి" అని, గమ్ము ఎక్కడెక్కడ పూయాలో ఆయనే మాకు నేర్పించాడు. రాయి అతికించడంలోనూ లోటు ఉండకూడదాయనకు.

రెండో విడత కరోనా వచ్చినప్పుడు ఆస్పత్రుల్లో మంచాలు లేవు. కాస్త తేరుకున్నవాళ్లను ఆక్సిజన్ మిషన్ పెట్టుకోమని ఇళ్లకు పంపేశారు. గాలిలోంచి ఆక్సిజన్ తీసి ముక్కుకు అందించే ఆ మిషన్ కరెంటు మీదే నడుస్తుంది. కరెంటు పోతే? అంతే, మా డబ్బాలకు ఎక్కడలేని గిరాకీ వచ్చింది. సరుకేమో రావడం లేదు. మూలన పారేసిన అరగదీసిన సెల్లులన్నీ లేచి వచ్చి బల్ల ఎక్కాయి. పండబెట్టి చూడటం పోయింది. కాగితం చుట్టలు పోయాయి. ఒక్కో పట్టీకి రెండు జతల చుక్కలు కొట్టేవాళ్లం కదా, "ఒక్క దెబ్బ చాలు, ఊకె తొక్కుతనే ఉంటరేంది, జల్ది కానియ్యిన్రి" అన్నాడు మేస్త్రి. సగం సెల్లులు, మిగతా సగం చోట రాయి. ఆయన పొద్దున కూర్చుని ఎర్ర కాగితాల మీద సంతకాలు పెట్టడం మొదలుపెడితే సాయంత్రం దాకా పెడుతూనే ఉండేవాడు. ముందే పెట్టి దొంతర చేసి ఉంచిన రోజులూ ఉన్నాయి. డబ్బా ఆయన ముక్కు దాకా కూడా వెళ్లేది కాదు.

అదంతా చూస్తూ మేం ఏం చేశాం? పెడల్ తొక్కాం.

నిరుడు ఏప్రిల్ చివర మా ఆయన కరోనాతో పడ్డాడు. పది రోజులు ఆస్పత్రి వరండాలో పెట్టుకుని, పదకొండో రోజు పంపేశారు. డాక్టరు పిల్లవాడు, పాపం, నిలబడి నిద్రపోతున్నాడు. "ఔర్ దస్ దిన్ మిషన్ పర్ రఖియే, బచ్ జాయేంగే" అన్నాడు. పది రోజులు మిషన్ ఆగకుండా నడిస్తే బతుకుతాడని. మిషన్ ఒక సంఘంవాళ్లు అరువిచ్చారు. వడోద్‌లో మా గది మూడో అంతస్తులో. ఎండాకాలం లైను ఎప్పుడు పోతుందో తెలియదు. నాకు కావలసింది ఒక మంచి డబ్బా, అంతే.

మేస్త్రి దగ్గరికి వెళ్లి నిలబడ్డాను. అడుక్కోవడానికి వెళ్లినట్టే వెళ్లాను.

"మేస్త్రీ, మా ఆయనకు మిషన్ పెట్టిన్రు. ఒక మంచి డబ్బా కావాలె. గీ బయటికి పొయ్యేటియి గాదు. మంచిది."

ఆయన సంతకం ఆపలేదు. "మిషన్ ఎంత గుంజుతది?"

చెప్పాను.

లేచాడు. దొంతరలోంచి ఒక డబ్బా తీశాడు, పక్కన పెట్టాడు. ఇంకొకటి తీశాడు, దాన్నీ పెట్టాడు. మూడోది ఎత్తి, మాస్కు దించి వాసన చూసి, నా చేతుల్లో పెట్టాడు. "తీస్కపో లెఫ్టూ. నేను సూసిన. మూడు గంటలు ఆగుతది. రంది వడకు."

రంది పడకు అన్నాడు. అంతకుముందు అంత మెత్తగా నాతో ఎప్పుడూ మాట్లాడలేదు. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. దండం పెట్టాను కూడా. ఆ దండం తలుచుకుంటే ఇప్పుడు నా చేతులు నరుక్కోవాలనిపిస్తుంది.

ఇంటికి తెచ్చాక మనసు ఆగలేదు. బయటికి పోతున్న సరుకేంటో నాకు తెలుసు కదా. స్క్రూడ్రైవర్ తీసి డబ్బా ముందు కూర్చున్నాను. మా ఆయన మంచం మీదినుంచి చేయి ఊపాడు. ముక్కుకు గొట్టం ఉన్నా నోరు ఊరుకోదు ఆయనకు.

"ఏంది, ఇప్పుతున్నవా?"

"ఒక్కసారి సూసి పెడ్త."

"వద్దు. మేస్త్రికి తెలిస్తె నిన్ను ఎల్లగొడ్తడు. నేను మగ్గం మీదికి పోయేదాంక నీ పనితోనే గద మనం తినేది." కాసేపు ఊపిరి పీల్చుకున్నాడు. "గాయినె నీ కోసం ఏరి ఇచ్చిండు. మనోడు. జర ఇజ్జతియ్యి."

స్క్రూడ్రైవర్ లోపల పెట్టేశాను.

మే నెల మధ్యలో తుఫాను గాలి వచ్చింది. పొద్దున పదకొండుకు లైను పోయింది. డబ్బా టక్కున అందుకుంది, మిషన్ ఆగలేదు. మా ఆయన నావైపు చూసి బొటనవేలు ఎత్తాడు. నేను టీ పెట్టాను. పావుగంట అయిందో లేదో డబ్బా కీచుమని అరవడం మొదలుపెట్టింది. మిషన్ ఆగింది. బటన్ నొక్కాను. ఒక నిమిషం నడిచి ఆగింది. మళ్లీ నొక్కాను. ఈసారి లైటు కూడా వెలగలేదు. మా ఆయన వేలికి పెట్టిన మీటరులో అంకె దిగిపోతూ ఉంది. అంబులెన్సు నంబరు ఎవరూ ఎత్తలేదు. ఎత్తినా రోడ్డు మీద చెట్లు పడి ఉన్నాయి. మా సందు చివర కిరాణా కొట్టాయన దగ్గర పాత సీసం బ్యాటరీ, ఇన్వర్టరు ఉన్నాయని గుర్తొచ్చి పరుగెత్తాను. గాలికి షట్టరు దించేసి ఇంట్లో ఉన్నాడు. చెప్పగానే, మంచివాడు, మారుమాట లేకుండా తాళం తీశాడు. కింది వాటా ఒడియా అన్నదమ్ములిద్దరూ ఆ బ్యాటరీని మోసుకుంటూ నా వెనకే వచ్చారు. మూడంతస్తులు. మేం పైకి చేరేసరికి మా ఆయన లేడు.

లైను ఒంటిగంటకు వచ్చింది. మిషన్ దానంతటదే మొదలై, ఆయన ముక్కులోకి గాలి ఊదడం మొదలుపెట్టింది. నేనే వెళ్లి స్విచ్చి ఆపాను.

పన్నెండో రోజు అయ్యాక ఎర్ర కాగితాన్ని కత్తెరతో కోసి, మూత తీశాను. అడుగున పాలరాయి, గమ్ముతో నీటుగా అతికించి. పైన సగం వరస సెల్లులు. ఒక్కోదాని అడుగు గోరుతో చూశాను, అన్నీ గరుకే. పట్టీని చిటికెన వేలితో లేపితే లేచి వచ్చింది. ఒక్క చిల్లి పడలేదు.

మర్నాడు దాన్ని సంచిలో వేసుకుని షెడ్డుకు వెళ్లి ఆయన బల్ల మీద, సంతకాల కాగితాల మీద పెట్టాను. మిషన్లన్నీ ఆగాయి. ఆయన మాస్కు దించి, లోపలికి తొంగి చూశాడు. ఊడిన పట్టీని గోరుతో తిప్పాడు. క్షమించమంటాడని అనుకున్నానా? ఏమో, కనీసం తల దించుతాడనుకున్నాను.

"సుక్కలు ఎడమకు వాలినయ్" అన్నాడు. "గీ వెల్డింగు నీదే, లెఫ్టూ."

చూశాను. నిజమే. నా చుక్కలే. పన్నెండు రోజుల ఏడుపులో నాకు కనబడలేదు, ఆయనకు ఒక్క క్షణంలో కనబడింది.

"ఒక్క దెబ్బ చాలన్నది నువ్వే గద!" అని అరిచాను.

"నేనంటి. తొక్కింది నీ కాలు."

"మరి నాకెందుకిచ్చినవ్? నాకు తెలిసి తెలిసి ఎందుకిచ్చినవ్ మేస్త్రీ?"

"ఉన్నదాంట్ల మంచిది ఏరిచ్చిన. గంతకన్న మంచిది లేకుండె. యాడికెళ్లి తేవాలె నేను? సరుకే లేకుండె."

"లేదని చెప్పకపోతివి! మంచిది లేదు, దీని మీద ఆశ పెట్టుకోకు అని ఒక్క మాట చెప్తె, కిరాణాయన కాళ్లు మొక్కన్న ఆ సీసం బ్యాటరీ ముందే తెచ్చి పెట్టుకుందును. సందు చివర్నే ఉండె మేస్త్రీ! సందు చివర్నే!"

ఒకరి చుక్క ఇంకొకరి చుక్కతో కలవకుండా గుర్తుపట్టే మనిషికి, లేదు అనే మాట మాత్రం ఆ రోజు నోట రాలేదు. తన బల్ల మీద మంచి డబ్బా లేదని చెబితే పరువు పోతుంది. నా మొగుడు పోయినా ఫరవాలేదు. ఆయన మాస్కు పైకి లాక్కుని, "పో, మిషన్ కాడ కూసో. అందరి పని ఆగింది" అన్నాడు.

వెళ్లి కూర్చున్నాను. వేరే దారి ఏముంది? ఆ రోజునుంచి ఎవరేమన్నా ప్రతి పట్టీకీ రెండు జతలు కొట్టాను. ఆయన చూశాడు, ఆపలేదు. కానీ ఒక్క దెబ్బే కొట్టిన ఆ నెలన్నర రోజుల్లో ఎడమకు వాలిన నా చుక్కలు ఎన్ని ఇళ్లకు వెళ్లాయో, ఆ ఇళ్లల్లో ఏమైందో నాకు తెలియదు. తెలుసుకునే ధైర్యం కూడా లేదు. దసరా వెళ్లాక సచిన్ అనే పేటలో వేరే షెడ్డులో చేరాను. మళ్లీ ఆయన మొహం చూడలేదు.

కాబట్టి ఆ ఫోటో చూశాక నేను ఆ ఇంటికి వెళ్లే పనే లేదు. వెళ్లింది ఆయన భార్య కోసం. ఆమెను మేమంతా పెద్దమ్మ అనేవాళ్లం. మా ఆయన పోయినప్పుడు, జనం మా మెట్లు ఎక్కడానికి భయపడుతున్న ఆ రోజుల్లో, ఆమె పన్నెండు రోజులూ జొన్నరొట్టె, పప్పు మూట కట్టుకుని మా గదికి వచ్చి, గుమ్మంలో కూర్చుని నేను తినేదాకా లేవలేదు. ఎందుకు వచ్చేదో, మొగుడు చెప్పి పంపాడో, చెప్పకుండా వచ్చిందో నేను అడగలేదు.

వాళ్లిల్లు పాండేసరాలో, షెడ్డుకు రెండు సందుల అవతల. మేస్త్రిని అద్దె ఫ్రీజర్ పెట్టెలో పడుకోబెట్టారు. కూతురు జగిత్యాల నుంచి రైల్లో వస్తోంది, సాయంత్రానికి గాని చేరదు. మళ్లీ కరోనా పెరుగుతోందని జనం ఎక్కువ లేరు, పదిమంది. అందరూ నన్ను చూసి జరిగి చోటిచ్చారు. నేను పెద్దమ్మ పక్కన కూర్చున్నాను. పెట్టె వైపు చూడలేదు.

పన్నెండు గంటలప్పుడు లైను పోయింది. తీగల పని ఉంది, సాయంత్రం దాకా రాదని ఎవరో వచ్చి చెప్పారు. ఫ్రీజర్ పెట్టె మాత్రం గుర్రుమంటూనే ఉంది. మూలన దుప్పటి కప్పిన డబ్బా ఒకటి దాన్ని నడిపిస్తోంది. దుప్పటి లాగితే ఎర్ర కాగితం, తెలుగు సంతకం.

"మేస్త్రి డబ్బానే, ఏం గాదు" అన్నాడు గోడకానుకున్న ఒకాయన.

పెద్దమ్మ మాత్రం నా మోచెయ్యి పట్టుకుంది. "బిడ్డా, నీకు తెల్సు గద. జర సూడు. నా బిడ్డ వచ్చేదాంక ఆగుతదా అది? తండ్రి మొఖం సక్కగ సూడాలె అది. ఆగదంటె ఇప్పుడే మంచు తెప్పిస్త."

"సూడాలంటె ఇప్పాలె పెద్దమ్మా."

"అయ్యో, మేస్త్రి సీలు" అని గోడ దగ్గరాయన అందుకున్నాడు.

"ఇప్పు" అంది పెద్దమ్మ.

స్క్రూడ్రైవర్ ఇచ్చారు. డబ్బా పక్కకు జరపబోతే ఒంటిచేతికే కదిలింది. ఎర్ర కాగితం గోరుతో చింపి, నాలుగు స్క్రూలు తీసి, నడుస్తుండగానే మూత పైకెత్తాను.

రాయి లేదు. అడుగునుంచి అంచు దాకా సెల్లులే. ఖాళీ లేకుండా, అన్నీ ఒకే రకం, ఒకే సరుకువి. ఒక పక్క సెల్లు అంచు లేపి వేలు పెట్టాను, నున్నగా ఉంది. ప్రతి రెంటి మధ్యా కాగితం చుట్ట. ప్రతి పట్టీకీ రెండు జతల చుక్కలు, గీత గీసినట్టు సూటిగా. షెడ్డులో మా ఎనిమిది మందిలో ఎవరివీ కావవి. ఆయన స్వయంగా కూర్చుని కొట్టుకున్నవి. చెయ్యి ఆనించి చూశాను, ఎక్కడా వేడి లేదు. తీగలు సన్నటి మగ్గం దారంతో కుచ్చులు కట్టి ఉన్నాయి. మూత లోపలివైపు ఆయన చేతిరాతతో, తెలుగులో, చేసిన నెల రాసుకున్నాడు. నిరుడు మార్చి.

నా మొగుడు ఏప్రిల్‌లో పడ్డాడు.

"ఏందే బిడ్డా, గట్ల సూస్తున్నవ్? ఆగదా?" పెద్దమ్మ నా మొహంలోకి చూస్తోంది. అందరూ చూస్తున్నారు. పెట్టెలో మేస్త్రి చల్లగా పడుకుని ఉన్నాడు.

అబద్ధం చెప్పాలనిపించింది. ఆగదు, మంచు తెప్పించుకో అనాలనిపించింది. తీగ ఒకటి పీకేసి వెళ్లిపోవాలని కూడా అనిపించింది. పెద్దమ్మ వేళ్లు నా మోచేతిని ఇంకా వదల్లేదు.

"మంచిదే పెద్దమ్మా, మస్తు మంచిది" అన్నాను. "నీ బిడ్డ వచ్చేదాంక ఆగుతది. ఇంకా మిగుల్తది."

మూత పెట్టి స్క్రూలు బిగించి, చెప్పులు వేసుకుని బయటికి వచ్చేశాను. మా ఆయనకు కావలసింది రెండు గంటలు.